మావ ముందరి పన్ను

ముందుగా ఓ మాట సెప్పేత్తాను. డాక్టరుబాబు మంచోడు. ఆయన్ని ఎవలైనా తిడితే నాను ఊరుకోను. తిట్టాలంటే నానే తిడతాను, నాకా హక్కున్నాది. ఆయన తెల్లమందు నా పన్నులోనూ ఉన్నాది, మా మావ పన్నులోనూ ఉన్నాది. తక్కినోల్లు నోరు మూసుకొని ఇంటే సాలు.

నా పేరు సన్యాసమ్మ. పలాసలో జీడిపిక్కల బట్టీలో పిక్కలు కొడతాను. మా మావ, అదే నా మొగుడు, జోగారావు. సన్నాయి ఊదుతాడు. పూండి కాడ్నుంచి సంతబొమ్మాళి దాకా ఏ పెళ్ళికైనా, ఏ అమ్మోరి సంబరానికైనా ముందు మా మావకి కబురెట్టి, తరవాతే పందిరి ఏత్తారు. నా మొగుడని గొప్పలు పోతన్నాననుకోకండి. ఇంట్లో మట్టుకు ఉత్త మొద్దు. సన్నాయి నోట్లో పెట్టినప్పుడే మడిసవుతాడు.

ఆ మావకి పైవరసలో ముందరి పన్ను పుచ్చినాది.

మీకది సిన్న సంగతిలాగుంతాది. సన్నాయోడికి సిన్న సంగతి కాదు. సన్నాయి కొసన నోట్లో పెట్టుకునే రెల్లు పీక ఉంతాది. దాన్ని పెదాల మద్దిన బిగబట్టాల. ఎనకాల పన్ను నేకపోతే పెదం లోపలికి పడిపోతాది, గాలి పక్కనించి తుస్సుమంతాది. ఆల్ల అయ్యకి అదే అయ్యింది. ముందరి పళ్ళు రెండు పోయినాక ముసలాయన సన్నాయి ఒగ్గేసి, సచ్చిపోయిన దాకా కొడుకు పక్కన కూకొని తాళం ఏసుకున్నాడు. పెళ్ళిలో ఎవలైనా ముసలాయన్ని పలకరిత్తే మావ మొహం పక్కకి తిప్పీసుకునేవోడు. సిగ్గుతో కాదు, బయంతో. రేపు నానూ అక్కడే కూకోవాల కదా అని.

ఇంకో సంగతి సెప్పాల. మాది మంగలోల్ల ఇల్లు. ముసలాయనే ఊల్లో అందరికీ పళ్ళు లాగేవోడు. ఆయన వైద్యం అంతా ఒకటే మాట. "నొప్పున్నాదా?" అని అడిగేవోడు. ఉన్నాదంటే పటకారు తీసేవోడు, నేదంటే ఒగ్గేసేవోడు. మా ఇంటిల్లిపాదికీ పంటి వైద్యమంటే అంతే తెలుసు.

తెల్లోల్లు ఎల్లిపోయినాక మా కొత్త జిల్లా పుట్టిన ఆరేడేళ్ళకి కాశీబుగ్గ బజార్లో జగన్మోహనరావని పళ్ళ డాక్టరు దిగినాడు. కలకత్తా సదువు. ఎనక్కి వాలే కుర్చీ, కాలితో తొక్కితే గిర్రున తిరిగే మరా పట్టుకొచ్చినాడు. అన్నిటికన్నా వింత ఆయన తెల్లమందు. ఓ సీసాలో పొడి, ఓ సీసాలో నీళ్ళలాంటి మందు. రెండూ కలిపితే ముద్దవుతాది. ఆ ముద్ద పుచ్చు తొలిసిన బొక్కలో కూరితే రాయవుతాది. నల్లగా కాదు, అచ్చం పన్ను రంగే. వాసన మట్టుకు గుప్పుమంతాది, రైలుపెట్టికి కొత్తగా రంగేసినట్టు.

"మావా, ఎల్లి ఆ మందు ఎట్టించుకో" అన్నాను.

"నువ్వెట్టించుకో. సావకపోతే నానూ ఎట్టించుకుంతాను" అన్నాడు మొద్దు.

నాకూ ముందరి పన్నొకటి పుచ్చే ఉన్నాది. సరే అని నానే ముందెల్లినాను. డాక్టరుబాబు మర తిప్పి, పుచ్చంతా తొలిసి, ముద్ద పెట్టి, "మూడో రోజు వచ్చి కనిపించు సన్యాసమ్మా, నొప్పి వస్తే ముందే రా" అన్నాడు.

నొప్పా? ఓలమ్మో! ఆ సందేల నుంచి మొదలయ్యింది. పంట్లో నిప్పుకణిక పెట్టి ఊదుతన్నట్టుండేది. మూడో రోజుకీ తగ్గనేదు. అలాగే ఎల్లి కుర్చీలో కూకున్నాను.

"నొప్పి ఏమైనా ఉందా?" అన్నాడు.

"నేదు బాబూ" అన్నాది నా నోరు.

నాను అననేదు, నా నోరన్నాది. ఎందుకన్నాదో సెప్తాను. బట్టీలో మాకో పద్దతున్నాది. పిక్క పెంకులో రసం ఉంతాది. పచ్చిది తగిలిందా, సేతి తోలు ఊడొచ్చేత్తాది. అందుకనే ముందు పిక్కల్ని మంట మీద కాలుత్తారు, ఆనక మేం సేతులకి ఆముదం రాసుకొని, బూడిద అద్దుకొని, కర్రతో కొట్టి పప్పు తీత్తాం. అంత సేసినా మండుతాది. పొద్దున్నే మేస్త్రి అప్పన్న బల్లల మద్దిన నడుత్తా అడుగుతాడు, "ఎవలికైనా మండుతన్నాదేటి?" అని. మండుతన్నాదన్న మడిసిని బల్ల కాడ్నుంచి నేపి ఎండలో పిక్కలు తిరగెయ్యడానికి పంపేత్తాడు. సేతులు మానీదాకా ఉండి ఒద్దువులే అంతాడు. మానినాక ఒచ్చి సూత్తే ఆ బల్ల కాడ ఇంకోలు కూకొని ఉంతారు. బల్ల పోయినట్టే. అందుకని ముప్పయిమందిమి ఉన్నాం, ముప్పయిమందిదీ ఒకటే మాట. నేదు బాబూ. పదేళ్ళుగా రోజూ పొద్దున్నే ఆ మాట అన్న నోరది. కుర్చీలో కూకోబెట్టి అడిగితే ఇంకేటంతాది?

డాక్టరుబాబు సంబరపడిపోయినాడు. పుస్తకంలో రాసుకున్నాడు కూడా. నాలుగో రోజుకో అయిదో రోజుకో నొప్పి దానంతటదే పోయినాది. సూసినావా, నేదన్నాను, నేకుండా పోయినాదని నాలో నానే నవ్వుకున్నాను.

నన్ను సూసి బట్టీలోంచి అసిరమ్మ ఎల్లినాది, రత్నాలమ్మ ఎల్లినాది, ఇంకో నలుగురు ఎల్లినారు. అందరూ నేదు బాబూ అనే సెప్పి ఉంతారు, నాను అడగనక్కర్నేదు. "మీ జీడి బట్టీ ఆడవాళ్ళ పళ్ళకి ఈ మందు భలేగా పడింది. ఒక్కరికీ నొప్పి లేదు" అని డాక్టరుబాబు ఓ నాడు తోవలో కనబడి నాతోటే అన్నాడు. పాపం, ఎంత మురిసిపోయినాడో.

రెండు నెల్లు గడిసినాక మావకి దయ కలిగింది. సోమారం పొద్దున్న ఎల్లి తెల్లమందు ఎట్టించుకొని ఒచ్చినాడు. అద్దం ముందర నిలబడి పళ్ళు ఇకిలించుకొని సూసుకున్నాడు. సన్నాయి తీసి కల్యాణి ఊదినాడు. గాలి పోనేదు. "బాగున్నాదే సన్నీ" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చినాది.

సందేలకి నిప్పుకణిక మొదలయ్యింది. నాలాగ గుట్టుగా ఉండే మడిసి కాదు కదా, ఈదంతా ఇనబడీలాగ "ఓరి నాయనో, ఓలమ్మో" అని ఒకటే గోల.

"అరవకు. ఇను. పంటి బిగువున మూడ్రోజులు ఓర్సుకో" అన్నాను.

"ఏ పంటి బిగువునే? ఈ పన్నే కదే సంపుతన్నాది!"

"నాకూ ఇలాగే అయ్యింది. నాలుగో రోజుకి పోయినాది. గురువారం డాక్టరుబాబు అడుగుతాడు, నొప్పున్నాదా అని. నేదని సెప్పు."

"ఉన్నాదంటే ఏటవుతాది?"

"ఏటవుతాదా? మీ అయ్య ఏటి సేసేవోడు? పటకారు తీసేవోడు కాడేటి? ఈయన కాడున్న పటకార్లు నాను సూసినాను, నిగనిగలాడతన్నాయి. నొప్పన్నావా, పన్ను లాగేత్తాడు. ఆనక కూకో, తాళం ఏసుకుంటా."

ఆ మాటతో మావ నోరు మూసేసినాడు. ఆ మూడ్రోజులూ దవడకి తువ్వాలు కట్టుకొని గంజి తాగినాడు. గురువారం పొద్దున్న నానే దగ్గరుండి తీసుకెల్లినాను. డాక్టరుబాబు అడిగినాడు. మావ నా ఏపు సూసినాడు. నాను కళ్ళు పెద్దవి సేసినాను.

"నేదు బాబూ" అన్నాడు మావ.

"మరి కళ్ళలో నీళ్ళేంటయ్యా?"

"బట్టీ పొగ బాబూ. మాయాడది సీరనిండా పట్టుకొత్తాది" అన్నాడు. అంత తెలివి ఆడికి ఎక్కణ్ణుంచి ఒచ్చినాదో! డాక్టరుబాబు నవ్వీసి రాసుకున్నాడు. బయటికొచ్చినాక మావ వీపు తట్టినాను. బలేగా సెప్పినావు మావా అని కూడా అన్నాను. అవును, అన్నాను.

శుక్రారం పొద్దున్న నాను నిద్దర నెగిసీసరికి నా పంటి మీది సిగురు ఉబ్బి ఉన్నాది. పెసరగింజంత పొక్కు. నొక్కితే సీము. నొప్పి మట్టుకు నేదు. ఇదేటిరా దేవుడా, నొప్పి నేకుండా సీమేటి? బట్టీలో సగం పూట సెలవడిగి డాక్టరుబాబు కాడికి ఎల్లినాను.

ఆయన దీపం పెట్టి సూసినాడు. అద్దం పెట్టి సూసినాడు. పన్ను బూడిదరంగు తిరిగిందన్నాడు. స్టేషను కాడ సేపలు పెట్టెల్లో సర్దీ ఆల్లని అడిగి ఐసుముక్క తెప్పించినాడు. దాన్ని పక్కపన్నుకి తగిలిత్తే నాను కుర్చీలోంచి ఎగిరిపడ్డాను. తెల్లమందు పన్నుకి తగిలించి అలాగే ఉంచినాడు. ఒకటి, రెండు, మూడని లెక్కెట్టినాడు. ఇరవయ్యయ్యింది.

"ఏమైనా తెలుస్తోందా?"

"నేదు బాబూ" అన్నాను గర్వంగా.

డాక్టరుబాబు మొహం తెల్లబోయినాది. ఐసుముక్క సేతిలోనే కరిగి జుబ్బా తడిసిపోతన్నాది, సూసుకోనేదు. "సన్యాసమ్మా, నిజం చెప్పు. మందు పెట్టిన మొదటి మూడు రోజులూ నొప్పి వచ్చిందా, లేదా?" అన్నాడు.

ఇప్పుడు ఒచ్చిందంటే పన్ను లాగేత్తాడేమో, రానేదంటే ఈ పొక్కు ఏటని అడుగుతాడేమో. పదేళ్ళుగా ఒకటే జవాబు సెప్పిన మడిసిని కదా, రెండో జవాబు నోటికి రానేదు. ఆయన మళ్ళీ అడిగినాడు, ఈ పాలి బతిమాలినట్టు అడిగినాడు. అప్పుడు అనేసినాను.

"మండింది బాబూ. నిప్పుల్లో పెట్టినట్టు మండింది. ఆనక ఆగిపోయినాది. మంచిదే కదా?"

"మంచిది కాదు. ఆగిపోయింది నొప్పి కాదు, పన్ను. నీ పన్ను లోపల చచ్చిపోయింది."

నాకు నవ్వొచ్చినాది. "పన్ను బతికుంటే కదా బాబూ సావడానికి? అది ఎముక కాదేటి?"

ఆయన నవ్వనేదు. ముక్కాలిపీట లాక్కొని నా ఎదర కూకున్నాడు. పన్ను పైకి రాయిలాగున్నా నడిమిన మెత్తటి కండ ఉంతాదంట. దాన్లో నెత్తురు, నరం, కంటికి ఆననంత సిన్న కణాలు ఉంతాయంట. ఒక్కో కణమూ బతికే ఉంతాదంట, మన సేతి తోలులాగే. ఆయన ఆ రెండు సీసాలూ తీసి సూపించినాడు.

"పొడీ, ద్రవమూ కలిస్తే గట్టిపడుతుంది కదా. కానీ ద్రవం మొత్తం గట్టిపడదు. కొంత పచ్చిగానే లోపల మిగిలిపోతుంది. ఆ పచ్చిది మెల్లగా పంట్లోకి దిగి ఆ కణాల్ని చంపేస్తుంది. అవి చచ్చేటప్పుడు నొప్పి. అన్నీ చచ్చాక ఇంక నొప్పి ఏముంటుంది?"

ఇంతసేపూ ఆయన సెప్పిందాంట్లో సగం నాకు అడవి దారిలాగున్నాది కానీ, ఈ మాట మట్టుకు టక్కున అందినాది.

"అంటే మా పిక్కలాగన్నమాట" అన్నాను. "కాలినదాన్ని ముట్టుకుంటే ఏటీ కాదు. సరిగ్గా కాలకుండా పచ్చి మిగిలిపోయిన పిక్కే తోలు ఊడదీత్తాది."

"అదే, సరిగ్గా అదే" అన్నాడు.

"మరి మేం ఆముదం, బూడిద రాసుకుంతాం కదా బాబూ. తమరు పన్నుకి ఏటి రాసినారు?"

డాక్టరుబాబు రెండు సీసాలూ బల్ల మీద పెట్టేసినాడు. "ఏమీ రాయలేదు" అన్నాడు. "అడుగున వేరే పూత వేయాలి. ఈ మందుకి పూత అక్కర్లేదు, నేరుగా పెట్టొచ్చని డబ్బాలో కాగితం మీద రాశారు. నమ్మాను. పైగా మన ఎండకి ముద్ద చేతిలోనే గట్టిపడిపోతోందని ద్రవం ఇంకాస్త ఎక్కువ పోశాను. మీరందరూ నొప్పి లేదన్నారు. అంతా బాగుందనుకున్నాను."

నాకు కోపమొచ్చినాది. ఎవలి మీదో తెలీనేదు. అంత సదూకొని కాగితం నమ్మినాడని ఆయన మీదా? మండుతన్నా నేదన్న నా మీదా? మండుతన్నాదంటే బల్ల లాగేసుకునే అప్పన్న మీదా? పుట్టినకాడ్నుంచి నొప్పి నేకపోతే బాగున్నట్టనుకున్నాను. ఈయన నొప్పుంటేనే బాగున్నట్టంతన్నాడు. ఎవలు తిరగేసి సెప్తన్నారో తెలీక బుర్ర గిర్రున తిరిగిపోయినాది.

"మరి నొప్పున్నప్పుడే సెప్తే ఏటి సేసేవోరు? లాగేసేవోరు కాదేటి?"

"లాగడమెందుకు? ఆ తెల్లమందు తోడేసి, లవంగనూనె ముద్ద పెడితే చాలావరకు బతుకుతుంది. ఐదు నిమిషాల పని. అందుకే కదా నొప్పి వస్తే రమ్మన్నాను!"

అయిదు నిమిషాల పని.

నాను కుర్చీలోంచి దిగిపోయినాను. "బాబూ, మావకి నొప్పున్నాది! నిన్న ఈ కుర్చీలో కూకున్నప్పుడు కూడా ఉన్నాది! నేదని సెప్పమన్నది నానే!"

ఆయన కూడా నెగిసిపోయినాడు. "ఇప్పుడూ ఉందా? ఉంటే బతికే ఉన్నట్టు. వెంటనే తీసుకురా. పరుగెత్తు!"

కాశీబుగ్గ బజారంతా పరుగే. తోవలో బండి దూలం తగిలి మోకాలు దోక్కుపోయినాది. దేవుడా, మా మావకి నొప్పుండాల, గట్టిగా ఉండాల, ఇంటి కాడ గోల పెడతా ఉండాల అని మొక్కుకుంటా పరిగెత్తినాను. కట్టుకున్న మొగుడికి నొప్పి రావాలని మొక్కుకున్న ఆడది ఈ ఉద్దానంలో నానొక్కదాన్నే అయ్యుంతాను.

ఇంటి కాడ గోల నేదు. మావ గుమ్మంలో కాళ్ళు బారజాపుకొని కూకున్నాడు. తువ్వాలు దవడ మీద నేదు, బుజం మీద ఉన్నాది. సన్నాయి పీక నీళ్ళలో నానబెట్టి నిదానంగా తుడుత్తన్నాడు.

"మావా! నొప్పున్నాదా?"

"నేదే" అన్నాడు.

"నిజిం సెప్పు!"

"నేదంటే."

నాను నేర్పిన మాటే సెప్తన్నాడా, నిజింగానే నేదా? ఎలాగ తెలుసుకోవడం? బట్టీలో ఎవలి సేతులు మండుతన్నాయో ఎవలి మొహంలోనూ కనబడదు. ఆ ఇద్దె ఈడికి నానే నేర్పినాను, మూడ్రోజుల్లో నాకన్నా బాగా నేర్సుకున్నాడు.

"డాక్టరుబాబు లాగడంట మావా. ఒట్టు. నొప్పుంటే సెప్పీ."

"నేదే సన్నీ."

కుండలో సల్లటి నీళ్ళు ముంచి ఇచ్చినాను. గటగటా తాగేసినాడు. జామకాయ ఇచ్చినాను. ఆ పన్నుతోనే కొరికి నమిలినాడు. నిన్న గంజి తప్ప మింగలేని మడిసి. నాను తల బాదుకున్నాను.

"ఉన్నాదని సెప్పవయ్యా! కొంచెమైనా ఉన్నాదని సెప్పు!"

"ఏటే నీ గోల?" మావ కూడా నెగిసినాడు. "నిన్న ఉన్నాదంటే నేదనమన్నావు. ఈయేల నేదంటే ఉన్నాదనమంతన్నావు. ఇంతకీ పన్ను నాదా, నీదా?"

అప్పుడు మొత్తం సెప్పినాను. పచ్చిరసం సంగతి, లోపలి కండ సంగతి, నా పొక్కు సంగతి. నొప్పుంటే పన్ను బతికున్నట్టు, నేకపోతే సచ్చినట్టు. సచ్చిన పన్నుకి సీము పడతాది, సీము పడితే ఈయేల కాకపోయినా రేపు తియ్యాల్సిందే. సెప్తా సెప్తా ఏడుపొచ్చేసినాది. నా వల్లే మావా, నేదనమని నానే అన్నాను మావా, అని ఏడిసినాను. నాను ఏడవడం మావ ఎప్పుడో గానీ సూడ్నేదు. పీక తుడవడం ఆపి నా మొహంకేసి సూత్తా నిలబడిపోయినాడు.

"పద" అన్నాడు.

రైలుకట్ట దాటినాక దవడ మీద సెయ్యేసుకున్నాడు. "ఒలే, కొంచెం ఉన్నట్టే ఉన్నాదే" అన్నాడు.

"నిజిమా?"

"సలసలమంతన్నాది. అల్లదిగో, ఇప్పుడే."

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించినాది. బజార్లో పడి మావ సెయ్యి పట్టుకొని నడిసినాను. సూసినోల్లు నవ్వుకున్నారు. నవ్వుకోనీ.

డాక్టరుబాబు తయారుగా ఉన్నాడు. ఐసు కరిగిపోయినాదంట, అందుకని ఏడి తగిలించి సూడ్డానికి స్పిరిటు దీపం ఎలిగించినాడు. నల్ల జిగురు పుల్లొకటి తీసి మంట మీద పెట్టినాడు. కొస మెత్తబడి మెరిసినాక దాన్ని పన్నుకి ఆనించినాడు.

"అబ్బా!" అని అరిసినాడు మావ.

నాను రెండు సేతులూ జోడించేసినాను. బతికున్నాది! మా మావ పన్ను బతికున్నాది! డాక్టరుబాబు మొహంలో కూడా నవ్వొచ్చినాది. లవంగనూనె సీసా మూత తీసి పక్కనెట్టుకున్నాడు. తోడే మర మీద కాలు పెట్టి, మళ్ళీ ఆగినాడు. ఎందుకాగినాడో నాకు తెలీదు. డాక్టరుకి డాక్టరు బుద్ది ఉంతాది కదా.

"ఇంకొక్కసారి చూద్దాం" అన్నాడు.

ఇంకో పుల్ల తీసినాడు. దాన్ని దీపం కాడికి తీసుకెల్లినాడు కానీ మంటలో పెట్టనేదు. మంట పక్కనుంచి పోనిచ్చి తెచ్చేసినాడు. కుర్చీలో ఎల్లకిలా పడుకున్న మావకి అది కనబడదు, నిలబడ్డ నాకు కనబడినాది. దాన్ని పన్నుకి ఆనించినాడు.

"అబ్బా! సచ్చాను బాబూ!" అన్నాడు మావ. ఈ పాలి ఇంకా గట్టిగా అరిసినాడు.

డాక్టరుబాబు ఆ పుల్ల మావ అరిసేతిలో పెట్టినాడు. అది సల్లగా ఉన్నాది. మావ దాన్ని సూసినాడు, ఆనక నన్ను సూసినాడు. దొరికిపోయిన మడిసిలాగ తల దించుకున్నాడు.

"ఎందుకయ్యా అరిచావు?" అన్నాడు డాక్టరుబాబు. కోపం నేదు ఆ గొంతులో.

"నొప్పుంటే మంచిదన్నాది కదా బాబూ మాయాడది. ఏడుత్తన్నాది" అన్నాడు మావ.

నాకు ఆణ్ణి కొట్టాలనిపించినాది. కౌగిలించుకోవాలనీ అనిపించినాది. రెండూ సెయ్యలేక కుర్చీ పట్టుకొని నిలబడ్డాను. డాక్టరుబాబు లవంగనూనె సీసాకి మూత పెట్టేసినాడు. నాను అడగాల్సింది ఒకటే మిగిలినాది, అదీ అడిగేసినాను.

"నిజింగా నొప్పి ఎప్పుడు పోయినాది మావా?"

మావ ఆ సల్లటి పుల్ల డాక్టరుబాబు సేతికిచ్చేసినాడు.

"నిన్న సందేల" అన్నాడు. "నిన్న పొద్దున్న ఈ కుర్చీలో కూకున్నప్పుడు నొప్పి బాగానే ఉన్నాది."